ఎలుగుబంట్ల ఇలాకాలో అద్దె ఇల్లు

మా క్యాబిన్ బుక్ చేసుకున్నవాళ్ళకు తలుపు కోడ్ కంటే ముందు ఒక మాట పంపిస్తాను. "కారులో తినేదేదీ ఉంచకండి, చూయింగ్ గమ్ కూడా వద్దు. కారు తలుపులు లాక్ చేయండి." చాలామంది వెంటనే ఫోన్ చేసి, "అక్కడ దొంగల భయం ఉందా అక్కా?" అని అడుగుతారు. దొంగల భయం లేదు. ఎలుగుబంట్లున్నాయి.

మా ఇల్లు అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, స్మోకీ పర్వతాల అంచున, వేర్స్ వ్యాలీ అనే లోయ పక్క కొండవాలు మీద ఉంది. మేమేమో గంట దూరంలో నాక్స్‌విల్‌లో కాపురం. మేము వాడుకోని రోజుల్లో ఆ ఇంటిని సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తాం. నేను తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టాను. చిన్నప్పుడు నేను చూసిన పెద్ద కొండ మంగళగిరి. ఇక్కడ తెల్లవారి తలుపు తీస్తే ఒక కొండ వెనక ఇంకో కొండ, దాని వెనక మరొకటి, నీలిరంగు పలచబడుతూ కనబడతాయి. ఆ నీలిపొగ నిప్పు వల్ల వచ్చింది కాదు. కోట్లాది చెట్లు ఆకుల్లోంచి వదిలే ఆవిర్లు గాలిలోని తేమతో కలిసి, ఎండలోని నీలికాంతిని చెదరగొట్టడం వల్ల కొండలకు ఆ రంగు వస్తుంది.

అట్లాంటా నుంచి, షార్లెట్ నుంచి కారులో సుమారు నాలుగు గంటల ప్రయాణం కాబట్టి మా దగ్గరికి తెలుగు కుటుంబాలు బాగా వస్తాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మూడు నాలుగు కుటుంబాలు కలిసి దిగుతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్న పెద్దవాళ్ళకు "ఈ వారం క్యాబిన్‌కి వెళ్తున్నాం" అని పిల్లలు చెబితే అదేమిటో ఒకపట్టాన బోధపడదు. అది హోటలు కాదు. రిసెప్షన్ ఉండదు, గది ఊడ్చే మనిషి రాడు, కాఫీ తెచ్చేవాడు ఉండడు. దుంగలతోనో చెక్కతోనో కట్టిన నిండు ఇల్లు. వంటిల్లు, గిన్నెలు, వాషింగ్ మెషిన్, బయట డెక్ అనే చెక్క అరుగు, దాని మీద వేడినీళ్ళ తొట్టి. తలుపుకు అంకెల తాళం. ఉన్నన్నాళ్ళు ఆ ఇంటి బాధ్యత వచ్చినవాళ్ళదే. దాని చుట్టూ ఉన్న అడవి పట్ల కూడా కొంత బాధ్యత వాళ్ళ మీద పడుతుంది.

ఎలుగుబంటి సంగతి ముందు చెప్పడానికి కారణం అదే. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో సుమారు 1,900 నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయని పార్కువాళ్ళ అంచనా. సగటున చదరపు మైలుకు రెండు. పార్కుకు కంచె లేదు. మా డెక్ కింద నుంచి వెళ్ళే కాలిబాట మాకంటే ముందు వాటిది. అవి తినేదాంట్లో ఎక్కువ భాగం ఆకులు, పళ్ళు, గింజలే. శరదృతువు వచ్చేసరికి చలికాలానికి సరిపడా కొవ్వు పెంచుకోవాలి కాబట్టి ఓక్ చెట్ల గింజల కోసం రోజంతా తిరుగుతాయి. ఆ ఏడాది గింజ సరిగ్గా కాయకపోతే వాసన పట్టుకుని ఇళ్ళ మీదికి వస్తాయి. వాటి ముక్కు శక్తి మన ఊహకు అందదు. మూత పెట్టిన డబ్బాలోని ఆవకాయ, ఐస్ పెట్టెలోని మారినేట్ చేసిన చికెన్, పసిపిల్ల కారు సీటు కింద రాలిన బిస్కట్ ముక్క, అన్నీ వాటికి తెలిసిపోతాయి.

ఒకసారి ఒక కుటుంబం రాత్రి పొద్దుపోయి దిగింది. పిల్లలు నిద్రలో ఉన్నారు, బిర్యానీ ట్రేలు పొద్దున తీసుకుందామని వ్యాన్‌లోనే వదిలేశారు. ఈ కార్ల తలుపు పిడులు లాగితే తెరుచుకునేవి కదా, ఎలుగుబంటి పంజాకు అది పెద్ద పని కాదు. లోపలికి దూరింది, వాలు మీద నిలిపిన బండి కాబట్టి తలుపు దానంతటదే మూసుకుంది. లోపల నుంచి తెరవడం దానికి చేతకాలేదు. తెల్లవారేసరికి సీట్లు, పైకప్పు గుడ్డ, తలుపు ప్లాస్టిక్ చీలికలు పేలికలు. పోలీసులు వచ్చి పిడికి తాడు కట్టి దూరం నుంచి లాగితే బయటపడి అడవిలోకి పరిగెత్తింది. బండి పోయింది. నాకు మాత్రం ఆ ఎలుగుబంటి గురించే ఎక్కువ దిగులు వేసింది. ఒకసారి మనిషి తిండి రుచి మరిగితే అది మళ్ళీ వస్తుంది, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి వాటికీ నేర్పుతుంది. మనుషులంటే జంకు పోతుంది. చివరికి రోడ్డు మీద కారు కింద పడుతుంది, లేదా మనుషుల మీదికి వస్తోందని అధికారులే చంపవలసి వస్తుంది. దాని ప్రాణం తీసేది మనం బయట వదిలిన పులిహోర పొట్లమే.

కాబట్టి మా ఇంట్లో కొన్ని నియమాలున్నాయి, వాటిలో సడలింపు లేదు. చెత్త ఏదైనా రోడ్డు పక్కనున్న ఇనుప పెట్టెలోనే వేయాలి, వేశాక గొళ్ళెం పడిందో లేదో చేత్తో లాగి చూడాలి. డెక్ మీద తిన్న ప్లేట్లు ఒక్క నిమిషం కూడా అక్కడ ఉండకూడదు. గ్రిల్ మీద చికెన్ కాల్చితే, వేడిగా ఉండగానే గీకి శుభ్రం చేసి, నూనె పళ్ళెం లోపలికి తేవాలి. డెక్ తలుపు ఎప్పుడూ గడియ వేసి ఉండాలి. పక్షులకు గింజలు పోయకూడదు. వీడియో బాగా వస్తుందని ఎలుగుబంటికి అరటిపండు విసిరితే, అది పార్కులో జరిగిందనుకోండి, 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. పార్కులో ఎలుగుబంటికి గానీ ఎల్క్ దుప్పికి గానీ 150 అడుగుల లోపు కావాలని వెళ్ళడమూ నేరమే.

దారిలో ఎదురైతే ఏం చేయాలని పెద్దవాళ్ళు అడుగుతారు. పరుగెత్తకూడదు. అది మనకంటే వేగంగా పరుగెడుతుంది, చెట్టూ ఎక్కుతుంది. దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవాలి. పిల్లలను దగ్గరికి తీసుకోవాలి. అది ఆగకుండా మీదికి వస్తుంటే అందరూ ఒకచోట నిలబడి చేతులు పైకెత్తి గట్టిగా అరవాలి. చిన్నప్పుడు మనం చదువుకున్న కథలో లాగా చచ్చినట్టు పడుకోవడం ఈ నల్ల ఎలుగుబంటి దగ్గర పనికిరాదు. నిజంగా దాడి చేస్తే చేతికందిన కర్రతో, రాయితో ఎదురు తిరగాలని పార్కువాళ్ళే చెబుతారు. అంతదాకా రావడం చాలా అరుదు. చాలాసార్లు అది మనల్ని చూసి తన దారిన తాను పోతుంది. ఆ చూసిన అరనిమిషం జన్మంతా గుర్తుంటుంది.

ఇక ఇల్లు ఎంచుకోవడం. ఫొటోలు చూసి మోసపోకండి. ముందు అడగవలసింది రోడ్డు సంగతి. ఇక్కడి కొండల మీద చాలా ఇళ్ళకు వెళ్ళే దారి నిటారుగా, కంకర పరిచి, ఒక్క బండికే పట్టేలా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో మంచు పడితే మామూలు కారు ఎక్కదు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకుండా తక్కువ గేరులో దిగాలి. రెండో ప్రశ్న మెట్ల గురించి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు పడకగది, స్నానాలగది ఒకే అంతస్తులో ఉన్నాయా, కారు దిగిన చోటు నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు అని అడగండి. అద్దె పక్కన క్లీనింగ్ రుసుము, పన్నులు కలిపి మొత్తం ఎంతో చూశాకే డబ్బు కట్టండి. ఫోన్‌లో దారి చూపే మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండ మలుపుల్లో సిగ్నల్ పోతుంది.

ఎనిమిది మందికని రాసిన ఇంట్లో పదహారు మంది సర్దుకోవడం మన అలవాటు. పెళ్ళిళ్ళలో పెరిగినవాళ్ళం, నేల మీద పరుపులు వేసుకుని పడుకోవడం మనకు సంతోషమే. నాకూ అదే ఇష్టం. కానీ ఇక్కడ ఆ లెక్క మంచాలను బట్టి వేసింది కాదు. కొండ మీద ఊరి డ్రైనేజీ ఉండదు. ఇంటి పక్క భూమిలో సెప్టిక్ ట్యాంకు ఉంటుంది, దాంట్లోంచి నీళ్ళు రంధ్రాల గొట్టాల గుండా మట్టిలోకి ఇంకుతాయి. ఎన్ని పడకగదులుంటే అంత ట్యాంకు అని లెక్కకట్టి అనుమతి ఇస్తారు. అంతకు రెట్టింపు మంది వరసగా స్నానాలు చేస్తే మట్టి ఆ నీటిని పీల్చుకోలేదు, అది వెనక్కి తన్ని స్నానాలగదిలోకే వస్తుంది. సింకులో అన్నం మెతుకులు, వాడిన నూనె, కొబ్బరి పీచు వేయవద్దని, పసిపిల్లలను తుడిచే తడి గుడ్డలు టాయిలెట్లో వేయవద్దని నేను ఇంగ్లీషులోనే కాక తెలుగులో కూడా రాసి అతికించాను. తెలుగులో రాసినప్పటి నుంచి పెద్దవాళ్ళు పిల్లలకు చదివి వినిపిస్తున్నారు.

వంటింటి గురించి ఇంకో మాట. ఈ ఇళ్ళలో చాలావాటిలో స్టవ్ కరెంటుది, పైన ఉండే ఫ్యాను పొగను బయటికి తోయదు. వడగట్టి మళ్ళీ ఆ గదిలోకే వదులుతుంది. ఎండుమిర్చి పోపు పడిందంటే పొగ అలారం ఇల్లంతా మోగుతుంది. మోగగానే కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ తీసేసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీరు పడుకునేది పూర్తిగా చెక్కతో కట్టిన ఇంట్లో. పోపు వేసే ముందు కిటికీ తెరవండి, నూనె పొగలు వచ్చేదాకా కాచకండి, చాలు. పసుపు, గోరింటాకు అంటిన చేతులు తుడుచుకోవడానికి ముదురు రంగు తువ్వాళ్ళు వేరే బుట్టలో పెట్టి ఉంచాను, తెల్లవాటిని వదిలేయండి.

వేడినీళ్ళ తొట్టిలో దిగే ముందు తలకు రాసుకున్న కొబ్బరినూనె కడుక్కుని దిగాలి, లేకపోతే వడపోత పాడవుతుంది. నీరు 104 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 సెల్సియస్ దాటకూడదు. ఐదేళ్ళలోపు పిల్లలను దింపకండి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్న పెద్దవాళ్ళు డాక్టరును అడగకుండా దిగవద్దు. కాళ్ళు మాత్రం పెట్టుకుని కూర్చున్నా హాయిగానే ఉంటుంది.

నిప్పు విషయంలో నేను మొహమాటపడను. పార్కులో మొదలైన కార్చిచ్చు 2016 నవంబరు 28 రాత్రి ఈదురుగాలికి పక్కనున్న గాట్లిన్‌బర్గ్ పట్నం మీద పడింది. 14 మంది చనిపోయారు. సుమారు 2,500 ఇళ్ళు, కట్టడాలు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. అందువల్ల దీపావళికి వచ్చి డెక్ మీద కాకరపువ్వొత్తులు కాలుస్తామంటే ఒప్పుకోను. దీపాలు కూడా బ్యాటరీవే పెట్టుకోమంటాను. చలిమంట గుంటలో వేసిన మంట మీద నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, చేయి పెట్టి చూశాకే లోపలికి వెళ్ళాలి. కట్టెలు మీ ఊరి నుంచి తేకండి, వాటిలో దాగిన పురుగులు ఇక్కడి చెట్లను చంపుతాయి. పార్కులోకైతే వేడిలో శుద్ధిచేసి ముద్ర వేసిన కట్టెలనే రానిస్తారు.

ఇంతా చెప్పి భయపెట్టాననుకోకండి. ఇంటి నుంచి బయటికి వస్తే చూడవలసినది ఎంతో ఉంది. ఈ పార్కుకు ప్రవేశ రుసుము లేదు. 1934లో ఏర్పడింది, 1940 సెప్టెంబరులో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వచ్చి న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ దగ్గర జాతికి అంకితం చేశారు. భూమి కొనడానికి రాక్‌ఫెల్లర్ కుటుంబ నిధి 50 లక్షల డాలర్లు ఇచ్చింది, బడిపిల్లలు చిల్లర పైసలు పోగుచేసి ఇచ్చారు. అయితే ఆ భూమిలో ఉన్న వెయ్యికి పైగా కుటుంబాలు ఇళ్ళు, పొలాలు వదులుకుని వెళ్ళిపోవలసి వచ్చింది. అంతకు నూరేళ్ళ ముందు, 1838లో, ఈ కొండల మూలవాసులైన చెరోకీ ప్రజలను సైన్యం ఇక్కడి నుంచి పశ్చిమానికి తరిమేసింది. ఆ దారిలో వేలమంది చనిపోయారు. కొండల్లో మిగిలిపోయినవారి సంతతి ఇప్పటికీ అవతలి వైపు, నార్త్ కరోలైనాలోని చెరోకీ పట్నంలో ఉంది. పార్కులోకెల్లా ఎత్తైన 6,643 అడుగుల శిఖరానికి వాళ్ళ పేరు కువోహి. చాలాకాలం క్లింగ్‌మన్స్ డోమ్ అని పిలిచిన ఆ శిఖరానికి 2024 సెప్టెంబరులో పాత పేరే అధికారికంగా తిరిగి వచ్చింది. చెరోకీలోని మ్యూజియం చూడకుండా వెళ్ళకండి, పిల్లలున్నవాళ్ళు మరీ ముఖ్యంగా.

ప్రవేశం ఉచితమైనా, 2023 మార్చి నుంచి పార్కులో పావుగంటకు మించి బండి ఆపితే ట్యాగ్ కొనాలి. రోజుకు 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. లోపల పెట్రోలు బంకు లేదు, చాలాచోట్ల ఫోన్ పలకదు. ట్యాంకు నింపుకుని, నీళ్ళు పెట్టుకుని బయలుదేరండి.

అమ్మానాన్నలతో వచ్చినవాళ్ళకు నేను మొదట చెప్పేది న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు. గాట్లిన్‌బర్గ్ నుంచి చెరోకీ దాకా కొండల నడుమ ముప్పైకి పైగా మైళ్ళు. 5,046 అడుగుల ఎత్తున రెండు రాష్ట్రాల సరిహద్దు దగ్గర కారు ఆపి, నడవకుండానే కొండల వరసలన్నీ చూడవచ్చు. కింద ఓక్, మేపుల్ చెట్లతో మొదలై పైకి వెళ్ళేసరికి కెనడాలో పెరిగే స్ప్రూస్, ఫర్ చెట్లు కనబడతాయి. కింద ఉక్కపోతగా ఉన్నా పైన పది, ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్ తక్కువ ఉంటుంది. ఆగస్టు అయినా అమ్మకు శాలువా తీసుకెళ్ళండి. అక్కడి నుంచి కువోహికి దారి డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు మూసేస్తారు. పార్కింగ్ నుంచి శిఖరం దాకా అరమైలు తారుబాటే కానీ బాగా నిటారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు పార్కింగ్ దగ్గరే ఆగిపోయినా నష్టం లేదు, అక్కడి నుంచీ చూపు చాలా దూరం పోతుంది.

రెండోది కేడ్స్ కోవ్. కొండల మధ్య పచ్చికబయలు, చుట్టూ 11 మైళ్ళ ఒంటిదారి రోడ్డు, పాత రైతుల చెక్క ఇళ్ళు, చర్చిలు, నీటి మర. జింకలు, టర్కీ కోళ్ళు దాదాపు ఎప్పుడూ కనబడతాయి, పొద్దున్నే వెళ్తే ఎలుగుబంట్లు కూడా. పొద్దెక్కితే కార్లు నత్తనడక నడుస్తాయి, చుట్టి రావడానికి మూడు నాలుగు గంటలు పట్టినా పట్టవచ్చు. మే నుంచి సెప్టెంబరు దాకా బుధవారాల్లో ఆ రోడ్డు మీదికి కార్లను రానివ్వరు, సైకిళ్ళకు, నడిచేవాళ్ళకు మాత్రమే. అమ్మానాన్నలను బుధవారం నాడు అక్కడికి తీసుకెళ్ళి వెనక్కి తిరిగి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను.

పిల్లలకైతే గ్రోటో జలపాతం. 1.3 మైళ్ళు నడిస్తే 25 అడుగుల నీటితెర, దాని వెనక నుంచి నడిచిపోవచ్చు. అదే బాటలో లామాలనే జంతువులు మూటలు మోసుకుంటూ పైన లెకాంట్ కొండ మీది వసతి గృహానికి సామాన్లు చేరవేస్తుంటాయి. అంత నడవలేని పెద్దవాళ్ళకు షుగర్‌ల్యాండ్స్ సందర్శక కేంద్రం వెనక కాటరాక్ట్ జలపాతం దాకా చదునుబాట ఉంది, తీరిగ్గా పోయి రావచ్చు. మా ఇంటికి దగ్గరగా మెట్‌కాఫ్ బాటమ్స్ దగ్గర ఏటి ఒడ్డున బల్లలు వేసి ఉంటాయి. పెరుగన్నం పొట్లాలు తీసుకెళ్ళి మధ్యాహ్నం అంతా అక్కడే గడపవచ్చు. ఒక్కటే కోరతాను: పిల్లలు ఏట్లో రాళ్ళు తీసి ఆనకట్ట కడుతుంటే ఆపండి. ఈ పార్కులో సుమారు 30 రకాల సాలమాండర్లున్నాయి. తడిచర్మంతో బల్లిలా కనబడే ఈ చిన్న ప్రాణుల్లో చాలావాటి గూళ్ళు ఆ రాళ్ళ కిందే ఉంటాయి. జలపాతాల పక్కనున్న నాచు బండలెక్కి సెల్ఫీలు దిగవద్దు. ఆ బండల మీద నుంచి జారిపడి చనిపోయినవాళ్ళున్నారు.

మే చివర, జూన్ మొదట్లో ఎల్క్‌మాంట్ దగ్గర ఒక జాతి మిణుగురులు అన్నీ కలిసి ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరతాయి. చీకటి అడవి మొత్తం ఒక్కసారిగా మెరిసి మళ్ళీ నల్లబడుతుంది. చూడటానికి లాటరీలో పేరు తగలాలి, వసంతంలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. పేరు రాకపోయినా దిగులుపడకండి, ఇక్కడి కొండ ఇళ్ళ డెక్‌ల మీద కూర్చుంటే మామూలు మిణుగురులు కావలసినన్ని.

పిజన్ ఫోర్జ్, గాట్లిన్‌బర్గ్ బజార్ల గురించి ఎక్కువ చెప్పను. గాయని డాలీ పార్టన్ పేరుతో 1986 నుంచి నడుస్తున్న డాలీవుడ్ ఉంది, పిల్లలకు నచ్చుతుంది. గాట్లిన్‌బర్గ్‌లో 680 అడుగుల వేలాడే వంతెన ఉంది. ఇవన్నీ డబ్బు పెట్టి చూసేవి. వచ్చినవాళ్ళు చాలామంది ఉన్న రెండు రోజులూ ఆ వీధుల్లోనే తిరిగి, డబ్బంతా అక్కడే పోసి, పార్కును కారు అద్దంలోంచి చూసి వెళ్ళిపోతారు. అది నాకు బాధ.

ఆకులు రంగు మారే అక్టోబరుకు రావాలంటే నెలల ముందే బుక్ చేసుకోండి, రోడ్ల మీద రద్దీకి సిద్ధపడండి. పెద్దవాళ్ళతో అయితే మే మొదటివారాలు మేలు. కొండ గన్నేరులా గుత్తులుగా పూసే రోడోడెండ్రాన్ కావాలంటే జూన్. అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం వచ్చే జులై నాలుగో తేదీ వారం వద్దు. బయలుదేరే ముందు రోజు పార్కు వెబ్‌సైటులో ఏ రోడ్డు మూసి ఉందో చూడండి, గాలివానకు చెట్టు పడినా, మంచు పడినా దారులు మూసేస్తారు. మూడు రాత్రులకు తక్కువైతే ఈ ప్రయాణం పెట్టుకోవద్దని నా మాట. రెండు పగళ్ళు పార్కుకే ఇవ్వండి, ఏడు గంటలకల్లా ఇంటి నుంచి బయటపడండి, రాత్రి పడుకునే ముందు కారు ఖాళీగా ఉందో లేదో ఒకసారి చూసుకోండి.